కాలిన గాయాలకు పూర్తి వైద్యం గోదావరి జిల్లాల్లోనే అందాలి

కాలిన గాయం ప్రధానంగా పేదవారి ఇంటిని వెతుక్కుంటూ వచ్చే ఆపద. ఏటా ప్రపంచంలో సుమారు 1,80,000 మంది కాలిన గాయాలతో మరణిస్తున్నారనీ, వారిలో అత్యధికులు అల్పాదాయ, మధ్యాదాయ దేశాలవారేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఒక్క భారతదేశంలోనే ఏటా పది లక్షల మందికి పైగా ఒక మోస్తరుగానో తీవ్రంగానో కాలుతున్నారని కూడా ఆ సంస్థ చెబుతోంది. వంట, పడక, పిల్లల చదువు అన్నీ ఒకే గదిలో సాగే ఇంట్లో, నేలమీది పొయ్యి ముందు నైలాను చీర కొంగుతో కూర్చుని వండే స్త్రీకి ఉన్న ముప్పు, ఎత్తుగా గట్టు కట్టిన వంటగదిలో నిలబడి వండే స్త్రీకి లేదు. ఈ కరపత్రం కోరేది ఇది: కాలినవారి ప్రాణం నిలబెట్టి ఇంటికి పంపడంతో పని పూర్తయిందని ప్రభుత్వం గానీ దాతలు గానీ అనుకోరాదు, గాయం మానిన తరువాత ఏళ్ళ తరబడి సాగవలసిన వైద్యమూ, అసలు ఒళ్ళు కాలకుండా కాపాడే ఏర్పాటూ గోదావరి జిల్లాల్లోనే పేదలకు ఖర్చు లేకుండా అందాలి.

ఈ డెల్టాకు నిప్పుతో ఉన్న సంబంధం ప్రత్యేకమైనది. కృష్ణా గోదావరి బేసిన్‌లో సహజవాయువు దొరికిన నాటి నుంచి కొబ్బరితోటల కింద, వరిచేల కింద గొట్టాలు పరుచుకున్నాయి. 1995 జనవరిలో పాశర్లపూడి వద్ద ఓఎన్‌జీసీ బావి నుంచి ఎగసిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ గొట్టం నుంచి వెలువడిన వాయువు ఇళ్ళ మధ్య వ్యాపించి అంటుకోగా, ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తీవ్రంగా కాలినవారిని అమలాపురానికీ, అక్కడి నుంచి అరవై కిలోమీటర్లకు మించి దూరాన ఉన్న కాకినాడకూ తరలించవలసి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో, దీపావళికి రెండు మూడు రోజుల ముందు, కాకినాడకు చేరువలోని వాకతిప్పలో బాణసంచా తయారుచేసే చోట పేలుడు జరిగి పదిహేను మందికి పైగా చనిపోయారు; వారిలో ఎక్కువమంది రోజుకూలికి వచ్చిన స్త్రీలు. పదకొండేళ్ళ తరువాత, 2025 అక్టోబరులో, కోనసీమ జిల్లా రాయవరంలో మళ్ళీ అటువంటి దుర్ఘటనే జరిగింది.

అయితే పత్రికల్లోకి ఎక్కే ఈ పేలుళ్ళకన్నా, ఎవరూ లెక్కపెట్టని చిన్న ప్రమాదాలే ఆసుపత్రుల మంచాలను ఎక్కువగా నింపుతాయి. వార్చుతున్న గంజి మీద పడడం, స్నానానికి కాచిన నీళ్ళ డేగిసాను పసిపిల్లలు లాక్కోవడం, పెళ్ళి వంటల దగ్గర సాంబారు గుండిగ ఒరిగిపోవడం, వేసవి గాడ్పులో తాటాకిళ్ళు వరుసగా అంటుకోవడం, ఆత్రేయపురంలో పూతరేకులు తీసే స్త్రీలు రోజంతా మండే కుండ ముందు కూర్చోవడం, ఇనుప గెడతో కాయ దింపే కార్మికుడికి కరెంటు తీగ తగలడం, భీమవరం పరిసరాల రొయ్యల చెరువుల్లో ఏరేటరుకు లాగిన తీగ తడిలో ఊడిపోవడం — ఇవన్నీ ఇక్కడి జీవనంలో భాగమైపోయిన అపాయాలు. విద్యుత్తు వల్ల కాలిన గాయం మరీ మోసకారి. పైకి అరచేతిలో చిన్న మచ్చగా కనిపిస్తూ లోపల కండరాన్ని, నరాన్ని మాడ్చివేస్తుంది. స్త్రీల విషయంలో మరొక చేదు నిజం కూడా ఉంది: స్టవ్ పేలిందని చెప్పే గాయాల వెనుక కొన్నిసార్లు ఇంటిలోని హింస దాగి ఉంటుంది, అందుచేత ఈ వైద్యం చేసే ప్రతి వార్డులోనూ బాధితురాలు భయం లేకుండా మాట్లాడగల మనిషి ఒకరు ఉండాలి.

చర్మం కాలినప్పుడు శరీరంలో జరిగేది తెలిస్తే తొలి గంటల విలువ బోధపడుతుంది. చర్మం దేహంలోని నీటిని లోపలే నిలిపి ఉంచే పొర కాబట్టి, అది విస్తారంగా కాలినచోట రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారిపోయి, గుండెకు చేరవలసిన రక్తం తగ్గిపోతుంది. ఎంత మేర కాలిందో అంచనా కట్టడానికి వైద్యులు ఒక సులువైన కొలత వాడతారు: వేళ్ళతో సహా రోగి అరచేయి అతని దేహం మొత్తంలో సుమారు ఒక శాతం. యాభై కిలోల మనిషికి ముప్పై శాతం కాలితే, పార్క్‌లాండ్ సూత్రం ప్రకారం మొదటి ఇరవై నాలుగు గంటల్లో సుమారు ఆరు లీటర్ల సెలైన్ ఎక్కించాలి, అందులో సగం కాలిన క్షణం నుంచి ఎనిమిది గంటల్లోపే. లంక గ్రామం నుంచి పడవ మీద, ఆటో మీద బయలుదేరినవారికి ఆ ఎనిమిది గంటల్లో ఎన్ని మిగులుతాయో ఊహించడం కష్టం కాదు. అందువల్ల మండల కేంద్రంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే సెలైన్ మొదలుపెట్టి పెద్దాసుపత్రికి పంపే పద్ధతి ప్రతిచోటా స్థిరపడాలి.

అంతకన్నా ముందు ఇంటివారు చేయవలసింది ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. కాలిన వెంటనే ఆ భాగం మీద ఇరవై నిమిషాలపాటు శుభ్రమైన చల్లని నీళ్ళు ధారగా పోయాలి. మూడు గంటల్లోపు పోసినా మేలు చేస్తుంది. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసివేసి, ఉతికిన గుడ్డ కప్పి, 108కు కబురు చేయాలి. టూత్‌పేస్టు, సిరా, పేడ, పసుపు, కోడిగుడ్డు సొన రాస్తే గాయం లోతు వైద్యుడికి తెలియకుండా పోవడమే కాక, చీము పట్టే దారి తెరుచుకుంటుంది. మంచుగడ్డ పెట్టడం కూడా తప్పే.

ఇక అసలు విషయం, దాతలూ ప్రభుత్వమూ తక్కువగా చూసే విషయం, గాయం మానిన తరువాతి దశ. లోతుగా కాలినచోట కొత్తగా ఏర్పడే మచ్చ నెలల తరబడి తనలోకి తాను ముడుచుకుంటూ, పక్కనున్న మంచి చర్మాన్ని, కీలును తనవైపు ఈడ్చుకుంటుంది. దీనినే వైద్యులు కాంట్రాక్చర్ అంటారు. నొప్పి తగ్గుతుందని తల కింద దిండు పెట్టుకొని పడుకున్న రోగికి గడ్డం రొమ్ముకు అతుక్కుపోతుంది. చంక కాలిన మనిషి చేయి పైకి ఎత్తలేడు. అరచేయి కాలిన బిడ్డకు వేళ్ళు పిడికిలిగా బిగుసుకుపోతాయి. పిల్లల్లో ఎముక పెరుగుతుంది, మచ్చ మాత్రం పెరగదు, అందువల్ల ఒకసారి సరిచేసిన చేయికి ఎదుగుదలతోబాటు మళ్ళీ శస్త్రచికిత్స అవసరం కావచ్చు. ముడుచుకున్న మచ్చను కోసి విడదీసి, తొడ నుంచి పలుచగా తీసిన చర్మాన్ని అక్కడ అతికించడం కొన్ని గంటల పని. ఆ కీలు మళ్ళీ బిగుసుకోకుండా నెలల తరబడి బద్ద కట్టడం, వ్యాయామం చేయించడం, మచ్చ పొంగకుండా బిగుతైన తొడుగు ఏడాదికి పైగా వేయించడం ఎంతో ఓపికతో కూడిన పని. ఈ రెండవది లేని మొదటిది చాలాసార్లు వృథా అవుతుంది. నిజానికి తొలిరోజుల్లోనే మాడిన చర్మాన్ని పొరలుగా తొలగించి కొత్త చర్మం అతికిస్తే ఇంతటి వైకల్యం చాలావరకు తప్పుతుందని 1970లోనే స్లొవేనియా వైద్యురాలు జోరా యాన్జెకొవిచ్ లోకానికి చూపింది.

దాతలు అప్పుడప్పుడు నడిపే ఉచిత శస్త్రచికిత్సా శిబిరాలను తక్కువచేసి చూడడం ఈ కరపత్రం ఉద్దేశం కాదు. తల ఎత్తలేని మనిషి వారం రోజుల్లో ఆకాశం వైపు చూడగలగడం చిన్న మేలు కాదు. కాని శిబిరానికి వచ్చిన వైద్యబృందం వెళ్ళిపోయాక బద్ద మార్చేవారు, వ్యాయామం నేర్పేవారు లేకపోతే ఆ మెడ మళ్ళీ వంగుతుంది. 1969లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వైద్యుడు డొనాల్డ్ లాబ్ స్థాపించిన ఇంటర్‌ప్లాస్ట్ అనే సంస్థ కూడా మొదట పేద దేశాలకు బృందాలను పంపి, క్రమంగా స్థానిక వైద్యులకే శిక్షణ, ఆసరా ఇచ్చే మార్గానికి మళ్ళింది. గోదావరి జిల్లాల దాతలు ఈ అనుభవాన్ని గమనించాలి. ఈ సీమకు చెందిన డొక్కా సీతమ్మ ఆకలిగొన్నవారికి ఏడాదికొక రోజు కాదు, జీవితమంతా వండిపెట్టింది. వైద్యదానానికి కూడా ఆ నిరంతరత్వమే ప్రాణం.

ఇందుకు వనరులు లేకపోలేదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో కాలిన గాయాల చికిత్స ఉంది. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికి రంగరాయ వైద్య కళాశాల తోడుగా ఉంది. ఆ కళాశాల నుంచి అమెరికా వెళ్ళిన పూర్వ విద్యార్థులు అదే ఆసుపత్రిలో తల్లీబిడ్డల భవనానికి విరాళాలు సమకూర్చారు. రాజమహేంద్రవరం, ఏలూరులలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. ఈ మూడు బోధనాసుపత్రుల్లోనూ ప్లాస్టిక్ సర్జన్, మత్తు వైద్యుడు, శిక్షణ పొందిన నర్సులు, ఫిజియోథెరపిస్టు ఉన్న కాలిన గాయాల విభాగం పూర్తి స్థాయిలో నడవాలి. ఆసుపత్రి బిల్లును పథకం భరించినా, నెలకొకసారి రావడానికి బస్సు చార్జీ, తోడు వచ్చినవారి కూలి నష్టం, బిగుతు తొడుగు ఖరీదు రోగి కుటుంబం నెత్తినే పడతాయి. దాతల సొమ్ము మొదట చేరవలసింది ఇక్కడికి. మరణానంతరం దానం చేసిన చర్మాన్ని భద్రపరిచే చర్మనిధి హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో ఏర్పడింది, అటువంటిది కాకినాడలోనూ రావాలి. చర్మం తీసిన తొడ మీద పుండుకు శుద్ధిచేసిన అరటి ఆకు అంటుకోకుండా, నొప్పి లేకుండా పనిచేస్తుందని ముంబయి వైద్యులు పరీక్షించి చూపారు. రావులపాలెం అరటి మార్కెట్ ఉన్న సీమలో ఖరీదైన కట్లు లేవని వైద్యం ఆగనవసరం లేదు.

నివారణ వైద్యులకు వదిలే పని కాదు. వంటగ్యాసు గాలికన్నా బరువైనది, కారినప్పుడు నేలను అంటిపెట్టుకొని పాకుతుంది. కాబట్టి వాసన వస్తే స్విచ్ ముట్టుకోకుండా తలుపులు తెరవాలని సిలిండరు తెచ్చే మనిషే ప్రతి ఇంటా చెప్పాలి. బాణసంచా షెడ్లలో పనివారి సంఖ్యను, షెడ్ల మధ్య దూరాన్ని అధికారులు దీపావళి నెలలో కాక ఏడాది పొడవునా తనిఖీ చేయాలి. వాయు గొట్టాలు పోయే ఊళ్ళలో గొట్టం ఎక్కడుందో, కారితే ఎవరికి చెప్పాలో పంచాయతీ గోడ మీద రాసి ఉండాలి.

ఈ కరపత్రం చేరిన ప్రతి డ్వాక్రా సంఘం, ప్రతి పాఠశాల, ప్రతి గ్రామసభ రెండు పనులు చేయాలని విజ్ఞప్తి: ఇరవై నిమిషాల నీటి సంగతి ఊరంతటికీ నేర్పడం, ఊరిలో పాత కాలిన గాయంతో మెడ, చేయి, వేళ్ళు ముడుచుకుపోయి ఇంటికే పరిమితమైనవారి పేర్లు, వారి సమ్మతితో, ఆశా కార్యకర్త ద్వారా సేకరించి దగ్గరి బోధనాసుపత్రికి, శాసనసభ్యుడికి అందజేయడం. ఏళ్ళు గడిచిన గాయానికి కూడా శస్త్రచికిత్స సాధ్యమే.