పులి నోట్లో మనిషా, పులి ఒళ్లో మనిషా?

పోస్టు కొంచెం పెద్దగానే ఉంటది, ఓపిక చేసుకుని చదవండి. హాస్టల్లో మా రూంలో నలుగురం కూర్చుని రాసింది, అందుకే "మేము" అని రాస్తున్నాం.

పోయిన నెల క్లాసులో ప్రాచీన నాగరికతల పాఠం నడుస్తుంటే తెర మీద ఒక ఫొటో వేశారు. చైనాది, మూడు వేల ఏళ్ల నాటి కంచు పాత్ర. పులి వెనక కాళ్ల మీద కూర్చుని నోరు తెరిచి ఉంది, ఆ నోటి కింద ఒక మనిషి. "ఇది మనిషిని తినే పులి. ఆదిమ జాతులు దేనికి భయపడితే దాన్నే మొక్కేవాళ్లు" అని ఒక్క ముక్కలో చెప్పి తర్వాతి స్లైడుకు పోయారు. వెనక బెంచీ నుంచి ఎవరో "మీ కవ్వాల్ పులే కదరా" అన్నారు. క్లాసంతా నవ్వింది. మేము కూడా నవ్వినం, నవ్వకపోతే ఇంకా ఎక్కువ చేస్తారని.

నవ్వినందుకు రాత్రి మాకే సిగ్గనిపించింది. ఆ ఫొటో వెతికి, ఫోన్లో పెద్దది చేసి చూసినం. చూస్తే ఆ మనిషి భయపడతలేడు.

మీరు కూడా ఒకసారి చూడండి. పాత్ర ఎత్తు సుమారు 35 సెంటీమీటర్లు, అంటే జానెడున్నర. పూజల్లో ధాన్యం పులియబెట్టి చేసిన పానీయం పోసే పాత్ర అది. మన దగ్గర పెద్దలకు ఇప్పసారా వంచినట్టు అనుకోండి. పులి రెండు వెనక కాళ్లు, తోక కలిసి మూడు కాళ్ల పీటలా నిలబెడతాయి. ముందరి పంజాలతో మనిషిని దగ్గరికి పట్టుకుంది. ఆ మనిషి కూడా రెండు చేతులతో పులిని కరుచుకున్నాడు, వాని పాదాలు పులి పాదాల మీదే ఉన్నాయి. తల పక్కకు తిప్పి మన వైపు చూస్తున్నాడు. గింజుకోవడం లేదు, అరవడం లేదు. చంటిపిల్లను ఎత్తుకున్న తల్లిలాగనే ఉంది మాకు. మూత మీద చిన్న జింక కూడా నిలబడి ఉంది, దాన్నీ ఎవరూ తినడం లేదు.

ఈ బొమ్మ గురించి పండితులు వంద ఏళ్లుగా కొట్లాడుకుంటున్నారని అప్పుడు తెలిసింది. తింటుందనే వాళ్లు ఉన్నారు. పులి తినేది మనిషిని కాదు, దుష్టశక్తిని అనేవాళ్లు ఉన్నారు. చైనాలో హాన్ కాలం నాటి పుస్తకాల్లో దయ్యాలను పట్టి పులికి వేసే ద్వారపాలకుల కథ ఉంది, తలుపుల మీద పులి బొమ్మ వేసే ఆచారం కూడా ఉంది. ఇక కె.సి. చాంగ్ అనే పురావస్తు పండితుడు, ఆ మనిషి దేవుళ్లతో మాట్లాడే పూజారి అన్నాడు, పులి అతనికి తోడుండే జంతువు, తెరిచిన నోరు ఈ లోకానికీ ఆ లోకానికీ మధ్య దారి అన్నాడు. ఇన్ని వాదాలున్న చోట మాకు దొరికింది ఒక్క ముక్క, "భయపడి మొక్కేవాళ్లు" అని!

మాలో ఒకరి తాతకు వీడియో కాల్ చేసి ఆ ఫొటో చూపించినం. తాత చాలాసేపు చూసిండు. తింటుంది అనలేదు, కాపాడుతుంది అనలేదు. "ఆ మనిషి ఏ ఊరోడు?" అని అడిగిండు.

మేము జవాబు చెప్పలేకపోయినం. మేమే కాదు, ఎవరూ చెప్పలేరు. ఇలాంటి పాత్రలు రెండు ఉన్నాయి. ఒకటి పారిస్‌లో చెర్నూస్కీ మ్యూజియంలో ఉంది, దాన్ని 1920లో కొన్నారు. ఇంకోటి జపాన్‌లో క్యోటోలో, సుమితోమో వాళ్ల సేకరణలో ఉంది. రెండూ యాంగ్జీ నదికి దక్షిణాన హునాన్ ప్రాంతంలో దొరికినవని చెప్తారు. కానీ ఏ ఊరు, ఏ గుంట, పక్కన ఏమున్నాయి, ఎవరి ఎముకలున్నాయి, ఏదీ రాసి లేదు. తవ్వినోడు అమ్మిండు, అమ్మినోడి దగ్గర ఇంకొకడు కొన్నడు. ఊరు పోయింది కాబట్టి అర్థం కూడా పోయింది. మా వాదన ఇదే: ఒక వస్తువును దాని నేల నుంచి వేరు చేసినోడు దాని నోరు కూడా మూసేస్తాడు. తర్వాత ఎవడికి తోచిన మాట వాడు దాని మీద అంటించొచ్చు.

ఊరు తెలిసిన వస్తువు ఎట్లా మాట్లాడుతదో చూడండి. 1976లో హెనాన్ రాష్ట్రం ఆన్‌యాంగ్‌లో ఫూ హావ్ అనే రాణి సమాధి బయటపడింది, దొంగల చేయి పడకుండా. ఈమె షాంగ్ రాజు వూ డింగ్ భార్యల్లో ఒకరు, క్రీ.పూ. 1200 ప్రాంతంలో బతికింది, సేనాపతి కూడా. ఎముకల మీద రాసిన శాసనాల్లో ఒకదాంట్లో ఆమె పేరు మీద 13,000 మందిని సమీకరించిన లెక్క ఉంది. ఆ సమాధిలో సుమారు 9 కిలోల కంచు గొడ్డలి దొరికింది. దాని మీద రెండు పులులు ఎదురెదురుగా నోళ్లు తెరిచి ఉంటాయి, మధ్యలో ఒక మనిషి తల. ఇక్కడ మాత్రం ఒళ్లో పిల్లాడు అనుకోవడం కష్టం. ఆ గొడ్డలి తలలు నరికే అధికారానికి గుర్తు. షాంగ్ రాజులు పడమటి సరిహద్దుల్లోని చియాంగ్ అనే జనాన్ని పట్టుకొచ్చి తమ పూర్వీకులకు బలి ఇచ్చేవాళ్లని అదే ఎముకల శాసనాలు చెప్తున్నాయి. ఆ చియాంగ్ మనిషి కళ్లతో చూస్తే ఆ పులి నిజంగానే తింటది.

అంటే పులికి ఒకే అర్థం ఉండదు. అది ఎవరి చేతిలో ఉంది, ఎవరి మీదికి నోరు తెరిచింది అన్నదే లెక్క.

ఈ మాటకు ఇంకో సాక్ష్యం చిన్నది, తొమ్మిదిన్నర సెంటీమీటర్ల కంచు పులి. షియాన్ నగరం దగ్గర దొరికింది, చిన్ రాజ్యానిది. పొడుగునా రెండు ముక్కలుగా చేసిన పులి అది. కుడి సగం రాజు దగ్గర, ఎడమ సగం డూ అనే చోట ఉన్న అధికారి దగ్గర. యాభై మందికి మించి సైన్యం కదలాలంటే రాజు దగ్గరి సగం వచ్చి ఈ సగంతో కలవాల్సిందే అని దాని మీదే బంగారంతో రాసి ఉంది. కొండ మీద ప్రమాదపు మంట కనబడితే మాత్రం ఆగాల్సిన పని లేదు. అడవి జంతువును పట్టి ఆఫీసు ముద్రగా చేశారన్నమాట. మన ఊర్లకు వచ్చే కాగితాల మీది ముద్రలు గుర్తొచ్చి మేమైతే కాసేపు నవ్వుకున్నాం.

అదే చైనాలో దక్షిణాన చూ రాజ్యం వాళ్లు చెప్పుకున్న కథ వేరు. 'జువో జువాన్' అనే పాత చరిత్ర గ్రంథంలో ఉంది. పెళ్లి కాని తల్లికి పుట్టిన పిల్లాడిని చిత్తడి అడవిలో పారేస్తారు. ఆ ప్రాంతపు దొర వేటకు పోయి చూస్తే ఆడపులి ఆ పిల్లాడికి పాలిస్తుంటది. భయపడి ఇంటికొచ్చి చెప్తే అసలు సంగతి బయటపడుతది, పిల్లాడిని తెచ్చుకుంటారు. అతనే పెద్దయ్యాక చూ రాజ్యానికి ప్రధానమంత్రి అయ్యాడు, బిరుదు పేరు జివెన్. చూ వాళ్ల భాషలో పాలివ్వడాన్ని "గౌ" అంటారు, పులిని "ఊతూ" అంటారు, అందుకే ఆ పిల్లాడికి "గౌ ఊతూ" అని పేరు పెట్టారు అని చరిత్రకారుడు పనిగట్టుకుని రాసిండు. ఉత్తరాది వాళ్లకు అర్థం కాని మాటలు కాబట్టే విడమర్చి చెప్పాల్సి వచ్చింది.

ఈ కథ పట్టుకుని, పారిస్ పాత్రలో మనిషి కూడా పులి పెంచిన బిడ్డే అని కొందరు అన్నారు. మాకూ అట్లనే అనాలనిపించింది. కానీ పాత్రకూ కథకూ మధ్య వందల ఏళ్లు ఉన్నాయి. మనకు నచ్చిందని అతికించేస్తే ఆ రోజు క్లాసులో అతికించిన దానికీ మన దానికీ తేడా ఏముంది?

మన గ్రూపులో కొందరు "ఆదివాసులంతా ప్రకృతి బిడ్డలు, పులిని చంపరు" అని పోస్టులు పెడతారు. వాళ్లకు కూడా ఒక మాట. ఇప్పటి చోంగ్‌చింగ్ ప్రాంతంలో బా అనే జనం ఉండేవాళ్లు. వాళ్ల నాయకుడు లిన్‌జున్ చనిపోయి తెల్లపులి అయ్యాడని హాన్ కాలపు చరిత్ర చెప్తుంది. బా వాళ్ల కత్తుల మీద పులి, కంచు వాద్యాల పైన పట్టుకునే పిడి కూడా పులే. ఇప్పుడు తూజియా అనే జనం తాము ఆ తెల్లపులి వారసులమని చెప్పుకుంటారు. వాళ్లను వేరే జాతిగా అక్కడి ప్రభుత్వం గుర్తించింది 1957లోనే. అయితే అదే ప్రాంతంలో బాన్‌షున్ అనే ఇంకో జనం తెల్లపులిని వేటాడి చంపి చిన్ రాజు దగ్గర పేరు తెచ్చుకున్నారు. రాజు వాళ్లతో రాతి మీద ఒప్పందం రాయించుకున్నాడట: చిన్ వాళ్లు తప్పు చేస్తే పసుపు డ్రాగన్ల జత ఇవ్వాలి, అడవి జనం తప్పు చేస్తే ఒక కుండ తేట మద్యం ఇవ్వాలి. దొరకని డ్రాగన్లు రాజు వంతుకు రాసుకున్నారంటే ఆ ఒప్పందం రాయించిన పెద్దమనుషులు గట్టోళ్లే.

ఒక జనానికి పులి తాత, పక్క జనానికి వేట. ఇద్దరూ అడవోళ్లే. బా వాళ్లు ఆ పులికి మనుషులను బలి ఇచ్చేవాళ్లని కూడా ఆ చరిత్రలో ఉంది. నిజమో కాదో గానీ, రాసింది మాత్రం బా వాళ్లు కాదు, ఆస్థాన చరిత్రకారులు. మన తాతల గురించి గెజిటీర్లలో ఎట్లాంటి రాతలు ఉన్నాయో చదివినోళ్లకు మా అనుమానం అర్థమైతది.

హెనాన్‌లోనే పూయాంగ్ దగ్గర 1987లో ఇంకా పాత సమాధి దొరికింది, ఆరు వేల ఏళ్లు దాటింది. అస్థిపంజరానికి ఒక పక్క డ్రాగన్, ఇంకో పక్క పులి, రెండూ నత్తగుల్లలతో, ఆల్చిప్పలతో నేల మీద పేర్చినవి. ఎక్కడివి అక్కడే ఉండంగ చూసి, కొలిచి, రాసుకున్నారు కాబట్టి పులి పడమటి వైపు ఉందని కూడా తెలుసు. వేల ఏళ్ల తర్వాత చైనా వాళ్లు పడమటి దిక్కుకు తెల్లపులినే గుర్తుగా పెట్టుకున్నారు. ఎవరైనా ఆ గుల్లలను సంచిలో వేసుకుని అమ్మి ఉంటే ఇదంతా ఎవరికి తెలుస్తుండె?

అందుకే ఒక పని మొదలుపెట్టినం. మా ఇండ్లలో, మా దేవుళ్ల దగ్గర ఉన్న పులి బొమ్మలు, కర్రవి, మట్టివి, ఇత్తడివి ఏవున్నా, ఉన్న చోటునుంచి కదపకుండా ఫొటో తీసి, ఊరు పేరు, ఎవరి ఇంటి పేరు వాళ్లది, ఎప్పుడు బయటికి తీస్తారు, ముందు ఏం పెడతారు అన్నది నోటుబుక్కులో రాస్తున్నాం. ఫొటో తీయొద్దని పెద్దలు అంటే తీయడం లేదు, అట్లా అన్నారని రాస్తున్నాం. ఇప్పటికి ఏడు ఊర్లయినయ్.

మొదటి పేజీలో పులిని ఏమంటారో రాసినం. కొలామీలో పుల్, గోండిలో పుల్లి. తాత మాత్రం అడవిలో ఉన్నప్పుడు ఆ పేరు ఎత్తడట, "పెద్దాయన" అంటాడట. కోయ, కొండరెడ్డి, చెంచు, సవర తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ ఇంట్లో ఏమంటారో, అడవిలో ఏమంటారో రెండూ రాసి పంపండి. ఊరి పేరు మర్చిపోకండి.