సెలవులు ఎవరికి?

ఏప్రిల్ నెల చివర బడిగంట కడసారి మ్రోగగానే మదనపల్లె వీథులలో కలకలము పుట్టును. పుస్తకముల సంచులు మూలకు చేరును. గోళీలును, బొంగరములును బయటికి వచ్చును. జూన్ రెండవ వారము వరకు బడి తలుపులు మూసియుండును. "హమ్మయ్య! సెలవులు వచ్చినవి" అని పిల్లలందురు. "అయ్యో! సెలవులు వచ్చినవి" అని తల్లులు మనసులో ననుకొందురు. ఒకే మాట ఒకరికి సంతోషమును, వేరొకరికి భారమును ఏల కలిగించుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము నాకు నా యింటనే దొరికినది.

మా యూరు సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైగా ఎత్తున నున్నది. కావున కడపలోను, తిరుపతిలోను మండిపడు ఎండ ఇచ్చట కొంత శాంతించును. ఊరి చేరువనున్న ఆరోగ్యవరమున 1915లో క్షయరోగులకు వైద్యశాల వెలసినదన్నచో ఈ గాలి మంచితనమును ఊహింపవచ్చును. వేసవిలో బంధువులు మా యింటికి వచ్చుటయు ఈ చల్లదనము కొరకే. బంధువులు వచ్చినచో ఇల్లు నిండును. ఇల్లు నిండినచో పొయ్యి ఆరదు. ఆ పొయ్యి యెదుట ఎవరు కూర్చుందురో నేను చాల కాలము ఆలోచింపలేదు.

ఒక వేసవిలో సెలవుల మొదటి దినముననే నేను రెండు పట్టికలు వ్రాసి గోడకు అంటించితిని. మొదటిది చూడవలసిన చోట్ల పట్టిక. అందు హార్సిలీకొండ, గుర్రంకొండ కోట, తరిగొండ వెంగమాంబ పుట్టిన యూరు, మా యూరి బెసెంట్ దివ్యజ్ఞాన కళాశాల ఉండెను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు ఆ కళాశాలలో బస చేసి, జనగణమన గీతమును ఆంగ్లమున వ్రాసెను. రెండవది ఇంటి పనుల పట్టిక. గోడలకు సున్నము వేయుట, నీటితొట్టి కడుగుట, చింతపండులో గింజలు తీయుట, మామిడికాయ ఊరగాయ పెట్టుట మొదలైనవి అందుండెను.

ఎనిమిదవ తరగతికి రానున్న మా అమ్మాయి రెండు పట్టికలను నిదానముగా చదివి, నా వైపు తిరిగి యిట్లనెను: "నాయనా! మొదటి దానిలో 'పిల్లలు' అని వ్రాసినావు. రెండవ దానిలో 'అమ్మ, అమ్మాయి' అని వ్రాసినావు. రెండవది ముగిసిన తరువాతనే గదా నేను మొదటి దానిలోని పిల్లనగుదును?"

"ఆడపిల్లవు, పని నేర్చుకొనవలదా?" అను మాట నా నాలుక చివరకు వచ్చినది. అంతలో అన్నము తిని కంచము అక్కడనే విడిచి, బొంగరముతో పరుగెత్తుచున్న మా అబ్బాయి నా కంటబడెను. నా మాట గొంతులోనే ఆగిపోయెను. పని నేర్చుట మంచిదైనచో ఆ మంచిని కొడుకునకు ఏల దాచిపెట్టవలయును? అది కష్టమే యైనచో కూతునకు మాత్రమే ఏల పంచవలయును? ఎట్లు చూచినను నా పట్టిక న్యాయమైనది కాదు.

మరియొక సంగతి తలచుకొని నేను మరింత సిగ్గుపడితిని. ఆ కళాశాలలో జనగణమనకు స్వరములు కూర్చుటకు తోడ్పడినది మార్గరెట్ కజిన్స్ అను విదుషీమణి. స్త్రీల చదువు కొరకు 1927లో అఖిల భారత మహిళా మహాసభను నెలకొల్పిన వారిలో ఆమె ముఖ్యురాలు. అట్టి యామె మెలగిన చోటును చూచి రమ్మని కొడుకును పంపి, కూతును జాడీలు తుడుచుటకు ఇంట నిలుపుట ఎంత వింత!

ఆ సాయంకాలమే పాత కాగితము చించి, ఇంటిల్లిపాది పేర్లతో ఒకే పట్టిక వ్రాసితిమి. అమ్మాయి నిచ్చెన యెక్కి గోడకు సున్నము పూసెను. అబ్బాయి చింతపండు ముందర కూర్చుండి, మొదటి దినమున చేతులు అంటుకొనుచున్నవని సణిగెను. మూడవ దినమున గింజలను లెక్కపెట్టుచు పాటలు పాడెను. ఊరగాయ కలుపుట నా వంతునకు వచ్చినది. నేను ఉప్పు వేయుట మరచితిని. నా భార్య రుచి చూచి నవ్వి, దానిని సరిదిద్దెను. ఆ పనిలో ఎంత నేర్పు కలదో నాకు అప్పుడు తెలిసినది.

పదిదినముల పని ఆరు దినములలో ముగిసినది. అందరమును కలిసి హార్సిలీకొండకు పోతిమి. కడప కలెక్టరు హార్సిలీ అచ్చట ఇల్లు కట్టుకొనక పూర్వము దానిని ఏనుగు మల్లమ్మకొండ యనుచుండిరి. మల్లమ్మ యను బాలికను ఏనుగులు పోషించెనని పెద్దలు చెప్పుదురు. ఆ కథను పిల్లలకు చెప్పుచుండగా నా భార్య నీలగిరి చెట్ల నీడలో నిలిచి, "ఇంత చల్లగా నుండునా!" అనెను. మా యూరికి ఆ కొండ ముప్పది కిలోమీటర్ల దూరము. మాకు పెండ్లియై పదునైదేండ్లు. ఆమె ఆ కొండ నెక్కుట అదే మొదటిసారి. ప్రతి యేడును మేము పోవునపుడు ఆమె ఇంట బంధువులకు వంట చేయుచుండెను.

"ఏడాది పొడుగున చదివిన పిల్లలకు విశ్రాంతి వలదా?" అని కొంద రడుగవచ్చును. తప్పక వలయును. కాని ఒకరి విశ్రాంతి మరియొకరి వెన్నువిరిచి తెచ్చినది కారాదు. ఇంటి పనిని పంచుకొనుట వేరు, పిల్లలను కూలికి పంపుట వేరు. టమోటా తోటలలోను, మార్కెట్టులోను గంపలు మోయుచు వేసవి గడపు బాలుని చూచి "పని నేర్చుచున్నాడు" అనుట క్రూరత్వము. అది వాని బాల్యమును హరించును. తన కంచమును తాను కడుగుట, తల్లికి గంటసేపు తీరిక కలిగించుట పిల్లవానిని ఏమియు తరుగనీయదు, పెంచును.

మా యింట బడి తెరచునాడు పిల్లల ఎత్తును ద్వారబంధముపై గీతగా గుర్తించుట వాడుక. ఆ యేడు అబ్బాయి గీత రెండు వ్రేళ్లు పైకి పోయినది. గీత గీయించుకొని వాడు తిన్నగా వంటయింటికి పోయి, ఎవరును చెప్పకయే నీళ్లబిందె నెత్తుకొనెను. ఆ దినమున వాడు నిజముగా పెరిగెనని నాకు తోచెను.

బాలబాలికలారా! వచ్చు వేసవిలో మీరును సంతోషముగా ఆడుకొనుడు, కొండలెక్కుడు, కోటలు చూడుడు. కాని బయలుదేరుటకు ముందు ఒక్కసారి వెనుకకు తిరిగి ఇంటిలోనికి చూడుడు. అచ్చట ఇంకను ఎవరైన నిలిచి యుండిరా? ఉన్నచో వారి పనిలో చేయి కలిపి, వారిని కూడ వెంట బెట్టుకొని పొండు.