స్వదేశీ నెట్‌వర్కునకు స్వదేశీ పరీక్ష

2025 సెప్టెంబరు 27వ తేదీన పొరుగు రాష్ట్రమగు ఒడిశాలోని ఝార్సుగుడయందు ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీగారు బి.ఎస్.ఎన్.ఎల్. వారి స్వదేశీ 4జి వ్యవస్థను జాతికి అంకితము గావించిరి. తేజస్ వారి రేడియోయంత్రములు, సి-డాట్ వారి మూల సాఫ్టువేరు, టి.సి.ఎస్. వారి కూర్పు, సుమారు 97,500 టవర్లు! ఈ సంతోషమున మేమును పాలుపంచుకొనుచున్నాము. కాని యంత్రము మనదైనచో దానిలోని తప్పులును ఇకమీదట మనవే యగును.

నెట్‌వర్కు ఒకసారి పాతి విడిచిపెట్టు తంతిస్తంభము కాదు. దాని ప్రాణము సాఫ్టువేరు. అది నిత్యము మారుచుండును. మార్పు ప్రమాదమని మానుకొందమన్నను వీలులేదు. 2018 డిసెంబరు 6న ఎరిక్‌సన్ సాఫ్టువేరులోని ధ్రువపత్రమొకటి గడువు తీరగా, బ్రిటనునందు ఓ2 సంస్థ నెట్‌వర్కును వాడు 3 కోట్లకు పైబడిన ఖాతాదారులకు ఇంటర్నెట్ నిలిచిపోయెను. అది పట్టించుకొనకపోవుటవలని చేటు. 2025 సెప్టెంబరు 18న ఆస్ట్రేలియాలో ఆప్టస్ వారు ఫైర్‌వాలును మార్చగా అత్యవసరపు పిలుపులు గంటలకొలది అందలేదు. సాయమునకై పిలిచిన యిండ్లలో మరణములు సంభవించినవి. ఇది సరిగా పరీక్షింపక మార్చుటవలని చేటు.

ఈ రెంటికిని విరుగుడు ఒక్కటే. ఒక్క పంక్తి మారినను యంత్రములే వేలకొలది కాల్సు చేసి, సందేశములు పంపి, తప్పును పట్టవలయును. నెగ్గిన మార్పును మొదట కొలది టవర్లపైననే నిలిపి గమనింపవలయును. లోపము కనబడినచో వెంటనే పూర్వస్థితికి మరల్పవలయును. చిన్న మార్పు, నిత్య పరీక్ష, క్రమమైన విస్తరణ: ఇదియే మార్గము.

మా ఉత్తరాంధ్రమునకు ఇది ప్రాణముల ప్రశ్న. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాసయొద్ద తీరమును తాకినపుడు ఉద్దానమున కొబ్బరి, జీడి తోటలు నేలగూలెను. విద్యుత్తును, ఫోనును రెండును పోయెను. మూత్రపిండవ్యాధితో తీసుకొనుచున్న ఆ పల్లెలకు 108 వాహనమును పిలువవలెనన్న ఫోనే దిక్కు. సీతంపేట, పార్వతీపురం మన్యపు కొండలలో ఒక టవరు మూగవోయినచో అక్కరకు వచ్చు రెండవ టవరు లేని గ్రామములు కలవు.

కావున మేము కోరునది స్పష్టము. ప్రతి మార్పునకు ముందును 112, 108 పిలుపులను, తెలుగులో వెలువడు తుపాను హెచ్చరికను యంత్రములచే పరీక్షింపవలయును. కరెంటు తీసివేసి టవరు బ్యాటరీ ఎంతసేపు నిలుచునో చూడవలయును. తుపానుల మాసములందు తీరప్రాంతమున అత్యవసరము కాని మార్పులను ఆపవలయును. తొలి ప్రయోగములు ఒంటి టవరు గల పల్లెలపై జరుగరాదు. మేలైన మార్పులు ఆ పల్లెలకు కడపట చేరనురాదు. పరీక్షాఫలితములను జిల్లాలవారీగా ప్రకటింపవలయును.

వ్యయమగునందురా? పొందూరు నేతగాండ్రను చూడుడు. వాలుగ చేప దవడతో దూదిని ఏకి, మలినమును తీసినగాని వారు నూలు వడకరు. ఆ ఓర్పు వలననే ఆ సన్నని ఖద్దరు దేశమెల్ల పేరొందినది. స్వదేశీయనునది ముద్ర కాదు, నాణ్యతకు పూచీ. పాలకులారా, ఆ పూచీని ఉద్దానపు పల్లెలయెదుట నిలుపుకొనుడు!