సవతితల్లి

అబ్రహాము లింకను అమెరికాధ్యక్షుఁడై 1863లో తిరుగుబాటు రాష్ట్రములందలి బానిసలకు స్వేచ్ఛ ప్రకటించెనని సోదరీమణు లెఱుఁగుదురు. ఆతనిఁ బెంచిన తల్లిని గూర్చి నాలుగుమాటలు చెప్పఁదలఁచితిమి.

1818లో, తొమ్మిదేండ్ల ప్రాయమున, ఆతనికి మాతృవియోగము కలిగెను. మఱుసటియేఁడు తండ్రి సారా బుష్ జాన్‌స్టన్ అను వితంతువును పెండ్లాడెను. ఆమె తన మువ్వురు బిడ్డలతో ఇండియానా అడవులలోని కాపురమునకు వచ్చి, సవతిబిడ్డల నిద్దఱిని గూడ సమముగాఁ జూచెను. తనకుఁ జదువు రాకున్నను, బాలుఁడు పుస్తకము పట్టినప్పుడు అడ్డుపడలేదు. అంతయుఁ గలిపి యేఁడాదియైన బడికిఁ బోని యాబాలుఁడే 1836లో న్యాయవాదిపట్టా పొందెను.

1861లో అధ్యక్షపదవి స్వీకరింప వాషింగ్టనుకుఁ బోవుటకు ముందు ఆతఁ డామెను జూచి వచ్చెను. అదే కడపటిచూపు. 1865లో లింకను హతుఁడయ్యెను. ఆమె 1869 వఱకు జీవించెను.

సవతితల్లి యనఁగనే మనకుఁ గైకయే స్ఫురించును. ఈమెను గూడఁ దలఁచుట న్యాయము.