కంపైలర్ ఏం పాపం చేసింది?

మొన్న ఆదివారం పొద్దున్నే పక్క ఫ్లాట్ కుర్రాడు లాప్‌టాప్ పట్టుకుని దిగాడు. బీటెక్ రెండో ఏడు. "అన్నా, కొత్త జీసీసీ బేకార్ అన్నా. సీనియర్ల ప్రాజెక్టు.. వాళ్ల దగ్గర నడిచింది, నా దగ్గర అన్నీ ఎర్రర్లే" అన్నాడు.

చూస్తే ఏముందీ.. ఫైల్ మొదట్లోనే బూల్ అని ఓ టైప్‌డెఫ్. 2025లో వచ్చిన జీసీసీ 15 మనం ఏమీ చెప్పకపోతే కోడుని సీ23గా చదువుతుంది. అందులో బూల్ కీవర్డ్. దాని కిందే, డిక్లేర్ చెయ్యకుండా పిలిచిన ఫంక్షన్లు ఓ అరడజను.

ఈ రెండోదాని సంగతి చెప్పాలి. డిక్లేర్ చెయ్యని ఫంక్షన్ ఇంట్ తిరిగిస్తుందని అనుకోవడం పాత సీ అలవాటు. అది నిజంగా పాయింటర్ ఇచ్చేదైతే? 64 బిట్ల మెషీన్లో పైసగం ఊడిపోతుంది. ప్రోగ్రాం అక్కడ కాదు, ఇంకెక్కడో చస్తుంది. ఈ అలవాటుని భాషలోంచి 1999లోనే తీసేశారు. ఊళ్లో కోడంతా విరుగుతుందని జీసీసీ వాళ్లు వార్నింగులతో లాక్కొచ్చి, 2024లో 14వ వెర్షన్‌తో గానీ ఎర్రర్ చెయ్యలేదు. పాతికేళ్లు! అప్పుడైనా తలుపులు మూశారా? పాత స్టాండర్డ్ కావాలంటే ఒక ఆప్షన్ ఇస్తే చాలు. తిట్లు మాత్రం వాళ్లకే.

మన కాలేజీల సంగతి మరీ విడ్డూరం. 1990ల మొదట్లో వచ్చిన టర్బో సీ++ని డాస్‌బాక్స్‌లో బతికించి మరీ ల్యాబులు నడిపారు. మెయిన్ ముందు వాయిడ్, పైన కోనియో.. నేనూ అలాగే నేర్చుకున్నా లెండి. భాష ఆగిపోయిందని నేర్పితే, భాషతో పాటు నడిచే కంపైలర్ శత్రువులాగే కనిపిస్తుంది.

నడవలేకపోతే ఏమవుతుందో కూడా చూశాం. జీసీసీలోనే జావాకి జీసీజే అని ఉండేది. జావా పరిగెత్తింది, ఓపెన్ జేడీకే వచ్చింది, దీన్ని పట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. 2017లో జీసీసీ 7 వచ్చేసరికి అది లేనే లేదు. ఎవరూ కుట్ర చెయ్యలేదు. పని చేసే చేతులు లేవు, అంతే.

ఇక మన ఆఫీసులు. నేను ఇదివరకు పనిచేసిన ఓ కంపెనీలో కొత్త వెర్షన్‌తో బిల్డ్ విరిగితే మా టీమ్ ఏం చేసిందో తెలుసా? పాత వెర్షన్ దగ్గరే తాళం వేసింది. అందులో ఒకటి నిజంగా కంపైలర్ బగ్గే. చిన్న ఫైల్‌గా కుదించి రిపోర్ట్ రాస్తే ఒక పూట పని. "మనకెందుకు, డెడ్‌లైనుంది" అన్నారు. నేనూ ఊరుకున్నా. ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. ఈ ఊళ్లో జీసీసీ, ఎల్‌ఎల్‌వీఎంల మీద బతికే ఆఫీసులు అన్నున్నాయి కదా, ఫ్రీగా వచ్చిందానికి వారంటీ అడగడం తప్ప మనం తిరిగిచ్చేదేంటి? అదే ఫెడోరా వాళ్లు, జీసీసీ 14 రాకముందే వేల ప్యాకేజీలు కూర్చుని చూసి, దొరికిన పాత కోడు సరిచేసి, ప్యాచ్‌లు అసలు ప్రాజెక్టులకి పంపారు.

స్టాండర్డ్ కమిటీల మీద నాకూ కోపాలున్నాయి, అది ఇంకోసారి.

కుర్రాడి కోడులో టైప్‌డెఫ్ తీసేసి, హెడర్లు కలిపితే పావుగంటలో కంపైలయింది. రెండు చోట్ల నిజం బగ్గులు కూడా బయటపడ్డాయి. ఈ మార్పులు సీనియర్లకి పంపరా అన్నాను. తలూపాడు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "అన్నా, ఇంతకీ పాత వెర్షన్ ఎక్కడ దొరుకుతది?" అన్నాడు.