"సారీ డాక్టర్" అని మొదలుపెట్టకండి

పోయిన వారం మన గ్రూపులో ఒక చెల్లి అర్ధరాత్రి దాటాక వాయిస్ మెసేజ్ పెట్టింది. ఇంగ్లండ్ వచ్చి నాలుగు నెలలైందట. పేషెంటు గురించి ఫోన్ చేస్తే డాక్టర్ విసుక్కున్నాడట. "నా ఇంగ్లీషు బాలేదేమో అక్కా" అని ఏడ్చింది. చాలామంది ధైర్యం చెప్పారు. నేను మాత్రం వేరే మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. ఇబ్బంది ఇంగ్లీషుది కాదు. ఐఈఎల్‌టీఎస్సో ఓఈటీయో పాసయ్యే కదా వచ్చాం. ఇబ్బందల్లా మన "సారీ"తోనే.

నా సంగతే వినండి. వచ్చిన మొదటి ఏడాది, సర్జికల్ వార్డులో నైట్ డ్యూటీ. పేగు ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ. ఊపిరి నిమిషానికి 22, ఆక్సిజన్ 95, పై బీపీ 104, పల్స్ 104. పేషెంటు పరిస్థితి దిగజారుతోందేమో పసిగట్టడానికి ఇక్కడ వాడే న్యూస్2 లెక్కలో ఇవన్నీ కలిపితే 5. విడివిడిగా చూస్తే ఏ అంకే భయపెట్టదు, కానీ 5 అంటే డాక్టర్ త్వరగా వచ్చి చూడాలి. అంకెల కన్నా నన్ను కలవరపెట్టింది ఆవిడ మౌనం. సాయంత్రం మనవరాలి పెళ్ళి ఫొటోలు చూపించి మురిసిపోయిన మనిషి!

నేను ఫోన్లో అన్నది ఇదీ: "సారీ టు డిస్టర్బ్ యూ డాక్టర్, మీకు ఖాళీ ఉంటే... బీపీ కొంచెం తక్కువగా ఉంది..." ఆయన "సరే, చూస్తూ ఉండండి" అన్నాడు. నేను "థాంక్యూ డాక్టర్" అని పెట్టేశాను. థాంక్యూ ఎందుకో ఇప్పటికీ తెలీదు.

గంటకి ఊపిరి 26, బీపీ 92, పల్స్ 118, జ్వరం 38.4. స్కోరు 9. ఈసారి ఫోన్ మా సీనియర్ సిస్టర్ అందుకుంది. పేషెంటు ఎవరు, ఏ ఆపరేషన్ అన్నది ఒక్క ముక్కలో చెప్పింది. గంట క్రితం 5 ఉన్న స్కోరు ఇప్పుడు 9 అంది. "నాకు సెప్సిస్ అనిపిస్తోంది. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి. ఎంతసేపట్లో వస్తారు?" అంతే. పది నిమిషాల్లో వచ్చాడు. లోపల కుట్టు దగ్గర లీకు. ఆవిడ బతికింది, కానీ చాలా రోజులు ఐసీయూలో ఉంది. ఆ పోయిన గంట నా ఖాతాలోదే అనుకుంటాను.

ఆ డాక్టర్ చెడ్డవాడేం కాదు. రాత్రంతా ఒక్కడే నాలుగు వార్డులు చూసుకుంటున్నాడు. ఉన్నపళంగా పరిగెత్తుకు రావడానికి నా మాటల్లో ఒక్క కారణమూ లేదు.

సిస్టర్ మాట్లాడిన వరసనే ఎస్‌బార్ అంటారు. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల నుంచి ఆస్పత్రులకొచ్చిన పద్ధతి. నాకూ నేర్పారు. ఎవరు, ఏమైంది, ఏమనుకుంటున్నాను, ఇంతవరకూ ఎలాగో చెప్పేస్తాం. ఏం కావాలో అడిగేచోట గొంతు పడిపోతుంది. డాక్టర్ రౌండ్స్‌కొస్తే లేచి నిలబడి, ఫైలు పట్టుకుని, అడిగితేనే నోరు విప్పిన చదువు మనది. మర్యాద తప్పని నేననను. ఇక్కడి కన్సల్టెంట్‌ని పేరు పెట్టి పిలవడానికి నాకింకా నోరు రాదు. పిలుపులో మర్యాద ఉంచుకోండి, బీపీ చెప్పేటప్పుడు వద్దు. "కొంచెం తక్కువ" కాదు, "92".

ధైర్యం వచ్చాక మాట్లాడదామంటే అది రాదమ్మా. ఫోన్ చేసే ముందు హ్యాండోవర్ కాగితం వెనక అంకెలు, మీకేం కావాలో ఒక్క వాక్యం రాసుకుని, చూసి చదివెయ్యండి. "చూస్తూ ఉండండి" అంటే "ఎంతసేపు? ఏ అంకె దాటితే మళ్ళీ పిలవాలి?" అని అడిగి, టైముతో సహా నోట్స్‌లో రాయండి. అప్పటికీ రాకపోతే రిజిస్ట్రార్‌కో, అవుట్‌రీచ్ టీమ్‌కో చెప్పండి. స్కోరు 7 అయితే ఎమర్జెన్సీ కిందే లెక్క. పైవాళ్ళకి చెప్పడం చాడీలు మోయడం కాదు.

నర్సులు కాని అక్కలకూ ఒక మాట. 2021లో పదమూడేళ్ళ మార్తా మిల్స్ సెప్సిస్‌తో చనిపోయింది. తల్లిదండ్రులు భయంగా ఉందంటున్నా పట్టించుకోలేదు. ఆ పిల్ల పేరు మీదే 2024 నుంచి ఇంగ్లండ్ ఆస్పత్రుల్లో మార్తాస్ రూల్ మొదలైంది. వేరే టీమ్ వెంటనే వచ్చి చూడాలని ఇంటివాళ్ళు కూడా అడగొచ్చు. మీవాళ్ళని అడ్మిట్ చేస్తే ఆ నంబరు ఎక్కడ పెట్టారో ముందే కనుక్కోండి. "ఈయన రోజూలా లేరు" అనడానికి డిగ్రీ అక్కర్లేదు.

ఆ చెల్లికీ, ఇంకెవరికైనా సరే, ఆదివారం నాకు ఆఫ్. ప్రాక్టీసు కావాలంటే ఫోన్ చెయ్యండి. డాక్టర్ వేషం నేనేస్తాను, విసుక్కుంటాను కూడా.