చప్పుడు లేకుండా పోయే నీరు

ఆ వేసవిలో మా మేడమీది 500 లీటర్ల ట్యాంకు నాకు నిద్ర లేకుండా చేసింది. రాత్రి అంచుదాకా నింపిన నీరు తెల్లవారేసరికి జానెడు దిగిపోయేది. కర్ర పెట్టి కొలిచి మరీ చూశాను. ఆ నీటినే వాడుకునే పైవాటా వారి మీదికి నా అనుమానం పోయింది. అర్ధరాత్రి బట్టలు ఉతుకుతున్నారని నిశ్చయించుకున్నాను. ఒకనాడు మెట్ల దగ్గర ఆ మాట పైకి అనేశాను కూడా. ఆ ఇల్లాలు మారు పలకలేదు. ఆనాటి నుండి నేను ఎదురైతే తల వంచుకొని వెళ్ళిపోయేవారు.

వారం తరువాత మా శ్రీమతి ఒక సంగతి గమనించింది. మా కమోడు లోపల, వెనుకవైపున, ఒక తడి చార ఎంతసేపైనా ఆరడం లేదు. చెవి ఒగ్గి విన్నా చప్పుడు లేదు. దొంగ మా వాటాలోనే ఉన్నాడు!

ఫ్లష్ ట్యాంకులో రెండు వాల్వులు ఉంటాయి. ఒకటి నీటిని లోపలికి రానిస్తుంది. బంతి పైకి తేలగానే మూసుకుంటుంది. రెండవది ట్యాంకు అడుగున ఉంటుంది. బటన్ నొక్కితే అది పైకి లేచి నీటిని ఒక్కసారిగా కిందికి వదిలి, తిరిగి తన చోట కూర్చుంటుంది. దాని కింద ఉండే పలుచని రబ్బరు వాషరే నీటికి కాపలా. ఆ రబ్బరు సాగినా, పగిలినా, బోరు నీటిలోని సున్నం దాని కింద పేరుకున్నా నీరు సన్నగా జారిపోతూ ఉంటుంది. నీరు తగ్గినకొద్దీ మొదటి వాల్వు తెరుచుకొని, పోయిన నీటిని నింపుతుంది. అందుచేత ట్యాంకు ఎప్పుడు చూసినా నిండుగానే కనిపిస్తుంది.

వెనుకటి రోజుల్లో గొలుసు లాగే ఇనప ట్యాంకులకు ఈ బాధ లేదు. అవి సైఫను సూత్రం మీద పనిచేసేవి. అడుగున అరిగిపోయే వాల్వు ఉండేది కాదు. నీటి వృథాకు వెరచిన బ్రిటను దేశం అడుగు వాల్వు ఉన్న ట్యాంకులను 2001 దాకా అనుమతించలేదు.

ఇక లెక్క చూడండి. నిమిషానికి ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు, కారితే గంటకు 12 లీటర్లు. రాత్రి ఎనిమిది గంటలలో 96 లీటర్లు. మా ట్యాంకులో దిగిన జానెడు లోతు దాదాపు అంతే! రోజుకు 288 లీటర్లు. భూగర్భ మురుగుకాలువలు ఉన్న మన నగరాలలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు ఇవ్వాలన్నది ప్రమాణం. ఇద్దరి వాటాకు మించిన నీరు ఎవరూ వాడకుండానే మురుగులో కలుస్తున్నదన్న మాట.

మీ ఇంటి సంగతి తెలుసుకోవడం తేలిక. బట్టలకు పెట్టే నీలిమందు కొంచెం నీటిలో కలిపి ట్యాంకులో పోయండి. అరగంటసేపు ఫ్లష్ చేయవద్దు. కమోడులో నీలిరంగు దిగితే ట్యాంకు కారుతున్నట్లే. తరువాత ట్యాంకుకు నీరు వచ్చే కుళాయిని కట్టేసి, లోపల నీటిమట్టం దగ్గర పెన్సిలుతో గీత గీయండి. గంట తరువాత మట్టం గీతకు దిగువన ఉంటే తప్పు అడుగు వాల్వుది. మట్టం కదలకపోతే తప్పు బంతిది. అది వేళకు మూసుకోక, ఎక్కువైన నీరు పొర్లుగొట్టంలోకి పోతున్నది.

అడుగు వాల్వుదే తప్పయితే, కుళాయి కట్టేసి ఉండగానే ఫ్లష్ చేసి, మిగిలిన నీటిని గుడ్డతో ఒత్తి తీయండి. పింగాణీ మూతను జారిపోని చోట పెట్టండి. ఇప్పటి ట్యాంకులు పెక్కింటిలో వాల్వును పట్టుకొని పావుచుట్టు తిప్పితే పైకి వచ్చేస్తుంది. వాషరును వెనిగరులో నానబెట్టి కడగండి. అది కూర్చునే అంచును కూడా శుభ్రంగా తుడవండి. చాలాసార్లు ఇంతటితోనే పని ముగుస్తుంది. రబ్బరు గట్టిపడినా, ఒరిసినా కొత్త వాషరు వేయాలి. పాతదాన్ని దుకాణానికి తీసుకుపోవడం మరువవద్దు. కంటి అంచనాతో తెచ్చినది సరిపడడం అరుదు.

వాల్వు పాదమే పగిలితే మొత్తం మార్చక తప్పదు. కమోడు మీద కూర్చుండే ట్యాంకయితే అడుగున ఉన్న బోల్టులు విప్పి, మరొకరి సాయంతో దానిని ఎత్తాలి. కింద ఉన్న పెద్ద నట్టు విప్పితే పాత వాల్వు వస్తుంది. కొత్తదాని పొర్లుగొట్టం ట్యాంకు అంచుకు దిగువనే ఉండాలి. నీటిమట్టం ఆ గొట్టం నోటికి రెండు సెంటీమీటర్లు దిగువన నిలవాలి. నట్టును చేతితో బిగించి, ఆపైన పానాతో పావుచుట్టు చాలు. బోల్టులను ఒకదాని తరువాత ఒకటిగా కొద్దికొద్దిగా బిగించండి. ఒకేవైపు బలం చూపితే పింగాణీ పగులుతుంది; అప్పుడు వాషరుతో పోయేది ట్యాంకుతో పోతుంది. క్లోరిన్ బిళ్ళలు ట్యాంకులో వేయకండి. అవి రబ్బరును తినేస్తాయి.

మా పని ముప్పావు గంటలో అయింది. మరునాటి ఉదయం మేడమీది ట్యాంకులో నీరు నింపినచోటనే ఉంది. నేను పాత వాషరును కాగితంలో చుట్టుకొని పైవాటాకు వెళ్ళాను. జరిగినది చెప్పి, తప్పు నాదని ఒప్పుకున్నాను. ఆ ఇల్లాలు వాషరును చేతిలోకి తీసుకొని కాసేపు చూశారు.

"మా ట్యాంకు కూడా ఒకసారి చూసి పెట్టండి, అన్నయ్యగారూ" అన్నారు.

నీలిమందు వేసి చూశాను. చుక్క కూడా కారడం లేదు.